పక్క సీటులో కాళ్లు

నాకు కారు నడపడం వచ్చేసిందని 21 రోజులు నమ్మాను. అదీ నలభై మూడేళ్ల వయసులో!

అమ్మ ఆళ్లగడ్డలో ఒక్కతే ఉంటుంది, మేము నంద్యాలలో. మధ్యలో సుమారు 40 కిలోమీటర్లు. ఒకరోజు రాత్రి అమ్మకి ఆయాసం వచ్చింది. మా ఆయన ఊళ్లో లేరు. ఇంటి ముందు కారుంది, తోలేవాళ్లే లేరు. పక్కింటి అబ్బాయిని నిద్రలేపి బయల్దేరేసరికి గంట దాటింది. అమ్మకి ఏమీ కాలేదు గానీ ఆ గంట నన్ను వదల్లేదు. ఆ వారమే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని నంద్యాలలో డ్రైవింగ్ స్కూల్లో చేరాను.

నేర్పే అబ్బాయి మంచివాడే. రోజూ "సూపర్ మేడమ్" అనేవాడు. ఒక్కసారి కూడా బండి ఆగిపోలేదు. కోర్సు అయ్యాక మా కారు తీస్తే గేటు దగ్గరే నాలుగుసార్లు ఆగింది! అప్పుడు వెలిగింది. స్కూలు కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి కదా. స్టీరింగ్ నాది, బండి నడిపింది అతని కాళ్లు.

రూల్సు ప్రకారం కారు శిక్షణ 21 రోజులకి తగ్గకూడదు. అందులో 10 గంటలైనా మనమే నడపాలి. ఏ రోజు ఎంతసేపు నడిపామో రిజిస్టరులో రాసి మన సంతకం తీసుకోవాలి. నాకు దక్కింది రోజుకి ఇరవై నిమిషాలు, అంటే మొత్తం 7 గంటలు. సంతకాలన్నీ చివరిరోజు చదవకుండా పెట్టేశాను. తప్పులో నా వాటా కూడా ఉంది.

తర్వాత అమ్మ వాళ్ల వీధిలో, లారీలు తోలి మానేసిన ఒక మామ నేర్పాడు. ఖాళీ స్థలంలో ఒక పూటంతా క్లచ్ మెల్లగా వదలడమే పని. బండి ఆగితే అరవడు. "ఎందుకాగిందమ్మా?" అని అడిగి, నేను చెప్పేదాకా ఊరుకుంటాడు. చెయ్యి హ్యాండ్‌బ్రేకు దగ్గరే ఉండేది, కానీ నా తప్పు నన్నే దిద్దుకోనిచ్చేవాడు. మెచ్చుకోలు మాత్రం ఒక్కటీ లేదు.

మీరెవరైనా చేరితే, నాలుగో రోజుకల్లా ఖాళీ స్థలంలో "అన్నా, నీ కాళ్లు పెడల్ మీదనుంచి తియ్యి, నేనే చూసుకుంటా" అని అడగండి. బండి ఆగిపోతే సిగ్గుపడొద్దు. ఎందుకాగిందో చెప్పేవాడే గురువు. రిజిస్టరులో గంటలు చూశాకే సంతకం పెట్టండి.

లైసెన్సు వచ్చాక మొన్న అమ్మని కళ్ల పరీక్షకి నంద్యాల తీసుకొచ్చాను. శిరివెళ్ళ దాటాక అమ్మ అంది, "మీ నాయన కంటే మెల్లగా తోలుతాండావే. కానీలే, నిద్రొస్తాంది."

ఆ నిద్రే నా సర్టిఫికెట్టు.