దౌండ్ దాకా అందని పాసు

షోలాపూరు నుంచి దౌండ్ దాదాపు 188 కిలోమీటర్లు. మొహోళ్, కుర్డువాడి దాటినంక జొన్నచేలు తగ్గి చెరకు ఎక్కువైతది. భిగ్వాన్ దగ్గర కిటికీలోంచి ఉజనీ డ్యాం నీళ్లు కనబడతయి.

మన మిల్లులు మూతపడ్డంక అశోక్ చౌక్ పిల్లలు కొందరు దౌండ్ పక్కన కుర్కుంభ్ కంపెనీలకు పనికి ఈ దారే పట్టిండ్రు. వాళ్లతో జనరల్ డబ్బాలో నేను చాలాసార్లు పోయిన.

నెల పాసు కూలివాళ్లకు పెద్ద ఆసరా. సుమారు పదిహేనుసార్లు ఒకవైపు పోయే టికెట్ డబ్బులకే నెలంతా పోయి రావచ్చు. మూడు నెలలకు కలిపి తీస్తే 2.7 నెలల పైసలే. కానీ మన దారిల పాసు 150 కిలోమీటర్ల దాకే. దౌండ్ ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు ఉండంగనే అయిపోతది.

పుణె నుంచి ముంబై 192 కిలోమీటర్లు. ఆ దారికి మాత్రం పాసు ఉన్నది. మనది అంతకన్నా పొడుగేం కాదు.

పాసు లేకుండ రోజూ టికెట్ కొంటే కూలిలో పెద్ద ముక్క రైలుకే పోతది. అందుకే పిల్లలు అక్కడే కిరాయికి గది పట్టి, సెలవునాడే ఇంటికొస్తరు. అమ్మానాన్నలు వారమంతా ఎదురుచూస్తరు.

ముంబై లెక్కనే మనకూ పాసు ఇయ్యాలని అర్జీ పెడదాం. ఒక్కొక్కరం కాదు, గల్లీలన్నీ కలిసి.