నాలుగు చిట్టాలు

చాలా పైథాన్ ప్రాజెక్టుల్లో ఒకే విషయం నాలుగు చోట్ల రాసి ఉంటుంది: ఈ ప్రోగ్రామ్ నడవాలంటే ఇంకా ఏమేం కావాలి? పిప్ కోసం రిక్వైర్‌మెంట్స్ ఫైలు, కోండా కోసం ఎన్విరాన్‌మెంట్ ఫైలు, ప్యాకేజీ కట్టడానికి పైప్రాజెక్ట్ ఫైలు, సర్వర్ మీద పెట్టడానికి డాకర్‌ఫైలు. రాసిన చేతులు వేరు, రాసిన రోజులు వేరు. ఒకదాంట్లో నంపై 1.26, ఇంకోదాంట్లో 2.0, మూడోదాంట్లో ఊరికే నంపై. ఏది నిజమో రాసినవాళ్లకే గుర్తుండదు.

మా పిన్ని కొడుకు గుడివాడ దగ్గర ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. పాత తెలుగు పుస్తకాల పేజీల్ని ఫోటో తీస్తే అక్షరాలుగా మార్చే చిన్న ప్రాజెక్టు ఒకటి వాడికి దొరికింది. పిప్ చిట్టాలో ఉన్నవన్నీ ఎక్కించాడు. టెసరాక్ట్ కనపడట్లేదంది ప్రోగ్రామ్. చిట్టాలో ఉన్న పైటెసరాక్ట్ కేవలం మధ్యవర్తి. అక్షరాలు చదివే అసలు టెసరాక్ట్ పైథాన్‌ది కాదు, దాన్ని ఉబుంటులో ఆప్ట్‌తో తెచ్చుకోవాలి. అదీ తెచ్చాడు. ఇంగ్లీషు చదివింది, తెలుగు చదవనంది. తెలుగు డేటా మళ్లీ వేరే ప్యాకేజీ, పేరు టెసరాక్ట్-ఓసీఆర్-టెల్. ఆ పేరున్నది ఒక్క డాకర్‌ఫైల్లోనే. తెలుగు కోసం చేసిన ప్రాజెక్టులో తెలుగు కావాలన్న మాట మూడు చిట్టాల్లో లేదు!

మూడో రోజు రాత్రి ఫోన్ చేసి, "నాకీ ఫీల్డ్ పడదేమో అన్నయ్యా" అన్నాడు. నాకు బాధేసింది ఆ మాటకే. చిట్టాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే ఆ లోటు తనదే అనుకునేది కొత్తగా వచ్చినవాడే. సీనియర్లకి ఏది ఎక్కడుందో అలవాటైపోయి ఉంటుంది.

మరి ఒకే చిట్టా రాసి అన్ని టూల్స్‌కీ ఇవ్వొచ్చుగా? అనుకున్నంత సులువు కాదు. మొదటి చిక్కు పేర్లతో. మనం గోంగూర అనేదాన్ని తెలంగాణలో పుంటికూర అంటారు. అలాగే పిప్‌లో ఓపెన్‌సీవీ-పైథాన్ అనేది కోండాలో ఓపెన్‌సీవీ, డెబియన్‌లో పైథాన్3-ఓపెన్‌సీవీ. కోడ్‌లో పిలిచేటప్పుడు మాత్రం సీవీ2. పేరు ఊహించి ఎక్కించడం ప్రమాదం కూడా. పెద్ద కంపెనీలు లోపల వాడుకునే ప్యాకేజీల పేర్లతోనే బయట ప్యాకేజీలు పెట్టి, ఆపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి చోట్ల కూడా తన కోడ్ నడిపించగలిగానని అలెక్స్ బిర్సన్ అనే పరిశోధకుడు 2021లో చూపించాడు.

రెండో చిక్కు అర్థంతో. ఇంట్లో రాసే పచారీ చిట్టాలో 'కందిపప్పు రెండు కిలోలు' అని ఉంటుంది. కొట్టువాడి బిల్లులో ఏ రకం, ఎంత ధర అన్నీ ఉంటాయి. మొదటిది మన కోరిక, రెండోది చేతికొచ్చింది. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే: 'నంపై 1.26 లేదా ఆపైది' కోరిక, లాక్ ఫైలు బిల్లు. ఈ రెంటినీ ఒకే ఫైల్లో కలిపేసి పంచుకుంటే, బిల్లు చూసి వంట నేర్చుకోమన్నట్టే.

పైథాన్ వాళ్లు దీన్ని మెల్లగా చక్కబెడుతున్నారు. 2016లో పైప్రాజెక్ట్ ఫైలు ఆలోచన వచ్చింది. కావలసినవాటిని అందులో ఎలా రాయాలో 2020లో 621వ ప్రతిపాదన తేల్చింది. అప్పటిదాకా సొంత పద్ధతిలో రాయించుకున్న పొయెట్రీ కూడా 2025 జనవరిలో 2.0 వెర్షన్‌తో ఈ ఉమ్మడి పద్ధతిని ఒప్పుకుంది. ఆ ఏడాదే లాక్ ఫైలుకీ ఉమ్మడి రూపం ఖాయమైంది. టెసరాక్ట్ లాంటి బయటి వస్తువుల్ని రాసుకోవడానికి 2023లో 725వ ప్రతిపాదన పెట్టారు. పిన్ని కొడుకు లాంటివాళ్లకి అసలు కావలసింది ఈ చివరిదే.

ఈలోగా మనం చేయగలిగింది బెజవాడ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్లు ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లోకి పంచుకుంటాం. కాలువలు ఎన్నైనా తల ఒకటే, నీళ్లు పైనుంచి కిందకే. చిట్టాకీ అలా ఒక తల ఉండాలి. పైప్రాజెక్ట్‌లోనే మార్చాలి, పిప్ ఫైలు దాన్నుంచి 'యూవీ ఎక్స్‌పోర్ట్' లాంటి ఆజ్ఞతో పుట్టాలి, చేత్తో ముట్టుకోకూడదు. టూల్ మార్చలేని పేర్లు, ఆప్ట్‌తో తెచ్చుకోవాల్సినవి, ఇవి రీడ్‌మీలో మామూలు మాటల్లో రాయాలి.

కాలువ బాగుందో లేదో తల దగ్గర నిలబడితే తెలియదు. శివారు ఆయకట్టుకి నీళ్లందాయా అని అడగాలి. ప్రాజెక్టు బాగుందో లేదో కూడా, ఏమీ లేని లాప్‌టాప్‌తో కొత్తగా కూర్చున్న పిల్లాణ్ణి అడగాలి.