రామనగరం గుట్టల మీద ఒక పూట

బెంగుళూరులో కాపురముంటున్న మన తెలుగువారిలో మైసూరు రైలు ఎక్కనివారు అరుదు. ఎక్కినవారందరూ బిడిది దాటిన తరువాత కిటికీలోంచి ఆ రాళ్ళను చూసే ఉంటారు. ఏనుగుల మంద పడుకున్నట్లు, నున్నగా, బూడిదరంగులో, ఒకదాని వెనుక ఒకటిగా కనబడే గుట్టలవి. మేమూ ఇన్నేళ్ళుగా కిటికీలోంచే చూస్తూ వచ్చాము. "అదుగో, షోలే తీసింది అక్కడే" అని ప్రక్కవారికి చూపించి, వేరుశనగకాయలు ఒలుచుకుంటూ ముందుకు సాగిపోవడమే గాని, దిగి ఆ రాతిని తాకి చూద్దామన్న ఆలోచన ఎన్నడూ రాలేదు.

మొన్న సంక్రాంతి సెలవులకు గుంటూరు నుండి మా బావమరిది సకుటుంబంగా వచ్చాడు. వాళ్ళమ్మాయి డిగ్రీ చదువుతున్నది. వచ్చిన రెండో రోజునే, "మామయ్యా, ఆదివారం తెల్లవారుజామునే లేవాలి. అందరి పేర్లూ ఇచ్చేశాను" అన్నది. ఏమిటని అడిగితే, అరపూట కార్యక్రమమట. ముందు రెండు గుట్టల మధ్య కట్టిన ఉక్కుతీగ మీద జారడం, తరువాత కొండచరియ మీది నుండి తాడు పట్టుకుని దిగడం. వెంట మార్గదర్శి ఉంటాడు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు.

"కొండ ఎక్కడానికి డబ్బిచ్చేవాళ్ళను చూశాము గాని, దిగడానికి డబ్బివ్వడం ఎక్కడా వినలేదు, బావా" అన్నాడు మా బావమరిది. మేము చూడడానికే వస్తామని షరతు పెట్టి ఒప్పుకున్నాము. ఆ షరతు ఎంతసేపు నిలిచిందో ముందు మనవి చేస్తాము.

చీకటి ఉండగానే బయలుదేరాము. 2023లో ప్రారంభమైన కొత్త మైసూరు రహదారి మీద వెళితే రామనగరం సుమారు 50 కిలోమీటర్లు. కానీ మేము పాత రోడ్డునే పట్టాము. కారణం బిడిది తట్టె ఇడ్లీ. పళ్ళెమంత వెడల్పున ఉండే ఆ ఇడ్లీ తినకుండా ఆ దారిన పోవడం మా ఇంట అపచారం. "ఒక్కటి చాలు, తల్లక్రిందులు కాబోతున్నాము" అని మా మేనకోడలు హెచ్చరించినా, మా బావమరిది రెండు తిన్నాడు.

రామనగరానికి పేర్లు చాలా ఉన్నవి. టిప్పు కాలంలో షంషేరాబాదు. తరువాత మైసూరులో ఆంగ్ల రెసిడెంటుగా ఉండిన బారీ క్లోజ్ పేర క్లోజ్‌పేట. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రామనగరం అయింది. 2025లో జిల్లా పేరును బెంగుళూరు దక్షిణ జిల్లాగా మార్చారు గాని, ఊరు రామనగరంగానే ఉన్నది. క్లోజ్ దొర పేరు ఊరి మీద పోయినా రాతి మీద మిగిలింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిని నేటికీ క్లోజ్‌పేట గ్రానైటు అనే పిలుస్తారు. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అంతటి పెద్దరాయి ముందు మన నూరేళ్ళ ఆయుర్దాయం ఏపాటిది!

1975లో విడుదలైన షోలే చిత్రానికి ఇక్కడి గుట్టల నడుమనే రామ్‌గఢ్ పల్లెను కట్టారు. ఆ కొండ పేరు రామదేవర బెట్ట. 2012 నుండి అది రాబందుల శరణాలయం. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేయడంతో దేశంలో ఆ జాతి దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. మిగిలిన కొద్ది పక్షులు ఈ చరియలలో గూళ్ళు పెట్టుకుంటవి. అందుచేత మా మార్గదర్శి మమ్మల్ని ఆ కొండకు గాక, దూరంగా ఉన్న వేరొక గుట్టకు తీసుకుపోయాడు. "అది వాళ్ళ ఇల్లు సార్, మనం తాళ్ళు వేసుకుని దిగకూడదు" అన్నాడు. ఈ ప్రాంతపు కుర్రవాడే. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతున్నాడు. ఆ ఒక్క మాటతో అతని మీద మాకు గురి కుదిరింది.

ముందుగా తీగ మీద జారే చోటికి వెళ్ళాము. అది వేరొకరి విహారస్థలం. అక్కడి మనుషులు వేరు, మా మార్గదర్శి ప్రక్కన నిలబడి చూడవలసిందే. ఏర్పాటు చూడడానికి సులువుగానే ఉన్నది. ఎత్తయిన చోటి నుండి పల్లపు చోటికి ఉక్కుతీగ. దాని మీద రెండు చక్రాల కప్పీ. నడుముకూ తొడలకూ బిగించిన పట్టెల కట్టును, అంటే హార్నెస్‌ను, ఆ కప్పీకి కొక్కెంతో తగిలిస్తారు. మన బరువే మనలను లాగుకుపోతుంది. బరువైనవారు వేగంగా పోతారు. తేలికైనవారు ఒక్కొక్కప్పుడు అవతలి గట్టు చేరకుండానే ఆగిపోతారు, వారిని తాడు వేసి లాగుకోవాలి. ఇది తప్పనిసరిగా కొత్త విద్యేమీ కాదు. హిమాలయాలలోని పల్లెలవారు వంతెన లేని నదులను ఇటువంటి తాళ్ళ మీదనే దాటుతూ వచ్చారు. వారికది బడికీ సంతకూ దారి, మనకు వినోదం.

ఆదివారం గనుక జనం చాలామంది ఉన్నారు. వరుస త్వరత్వరగా కదులుతున్నది. మా మేనకోడలి వంతు వచ్చింది. నడికట్టుకు రెండు కొక్కేలు వ్రేలాడుతున్నవి. అక్కడి కుర్రవాడు ఒకటి తగిలించి, "వెళ్ళండి, వెళ్ళండి" అన్నాడు. రెండోది అమ్మాయి నడుము ప్రక్కన ఊరికే ఊగుతున్నది.

మేము చూశాము. చూసి కూడా ఊరుకున్నాము. వారికి తెలియదా, రోజూ చేసే పనే గదా, అడిగితే ఏమనుకుంటారో, వెనుక ఇంతమంది నిలబడి ఉన్నారే అనుకున్నాము. ఇది వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది గాని దాచదలచుకోలేదు. అమ్మాయి కూడా చూసిందట, అదే కారణంచేత నోరు మెదపలేదట. మా బావమరిది ఫొటో తీసే హడావిడిలో ఉన్నాడు.

"బాబూ, ఆ రెండో కొక్కెం ఎందుకు పెట్టారు?" అన్నది మా ఆవిడ, గట్టిగానే.

కుర్రవాడు తడబడ్డాడు. వెనుక ఎవరో విసుక్కున్నారు. మా మార్గదర్శి ఒక్క అంగలో వచ్చి, ఆ కొక్కేన్ని రెండవ తీగకు తగిలించి, మర తిప్పి బిగించి, "అమ్మగారు అడిగింది న్యాయం. ఒకటి పోతే ఇంకొకటి పట్టుకోవాలనే రెండు పెట్టేది" అన్నాడు. అమ్మాయి జారిపోయింది. అవతలికి పదిగజాల దూరాన ఆగిపోతే నవ్వుతూ లాగుకున్నారు. ఏమీ జరగలేదు. కాని మాకు కాళ్ళలో వణుకు చాలాసేపు తగ్గలేదు. 2024 మే నెలలో ఈ జిల్లాలోనే, హారోహళ్ళి సమీపాన, ఇటువంటి తీగ తెగి బెంగుళూరుకు చెందిన ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. ఆ సంగతి పత్రికలలో చదివినవారమే మేము. చదివి కూడా, ఆ నిమిషాన మొహమాటపడ్డాము!

అక్కడి నుండి గుట్టకు నడక. రాతి మీద ఎండ ఇంకా పదును ఎక్కలేదు. సుమారు 60 అడుగుల నిట్రమైన చరియ. పైన మార్గదర్శి, అతని తోటివాడు తాళ్ళు కట్టారు. రాతిలో దిగగొట్టిన రెండు మేకులకు వేరువేరుగా కట్టి, రెంటి మీదా బరువు సమంగా పడేటట్లు సరిచేశారు. మా ఆవిడ మాట అతని మనసులో పడింది గాబోలు, మమ్మల్నందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

తాడులో రెండు భాగాలున్నవి. లోపలి పోగులు బరువు మోస్తవి. పైతొడుగు వాటిని రాపిడి నుండి కాపాడుతుంది. కొక్కెం ద్వారం మూసి ఉంటే కనీసం రెండు టన్నుల బరువుకు తట్టుకుంటుంది. అదే కొక్కెం ద్వారం తెరిచి ఉంటే మూడోవంతు బలమే. కనుక మర బిగించామా లేదా అన్నది చిన్న సంగతి కాదు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న లోహపు బిళ్ళలో తాడును మెలిపెట్టి పోనిస్తారు. ఆ రాపిడే మనలను ఆపుతుంది. దిగేవాడు కుడిచేతిని తుంటి దగ్గర తాడు మీద ఉంచాలి, ఏమయినా వదలరాదు. సినిమాలలో సైనికుల వలె గంతులు వేయరాదు. గంతు వేసినప్పుడల్లా మేకుల మీద బరువు పెరుగుతుంది. ఇదిగాక ప్రతివారికీ విడిగా ఒక రక్షణ తాడు, దానిని పైన మార్గదర్శి పట్టుకుంటాడు.

ఈ విద్యకు అబ్‌సైలింగ్ అని పేరు. జర్మను భాషలో 'ఆబ్' అంటే క్రిందికి, 'సైల్' అంటే తాడు. ఆల్ప్స్ పర్వతాలలో షామొనీకి చెందిన షార్లే అనే మార్గదర్శి 1870 దశకంలో దీనిని వాడుకలోకి తెచ్చాడంటారు. కాని తాడు మీద కొండ దిగడం మన నల్లమల చెంచులు నేర్చింది ఏ షామొనీలోనూ కాదు. చరియలకు పట్టిన తేనెపట్టుల కోసం వారు తాళ్ళతో దిగుతారు. పైన తాడు దగ్గర బావమరిదిని కాపలా ఉంచుతారని చెబుతారు. తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు కొసన ఉన్నవి గనుక అతడు ఏమరుపాటు పడడట!

ఈ సంగతి చెప్పిన పాపానికి అందరూ మా బావమరిది వైపు చూశారు. అప్పటికే అతడు దిగి వచ్చాడు, రెండు తట్టె ఇడ్లీలతో సహా. చరియ క్రింద కూడా ఒక మనిషి తాడు కొస పట్టుకుని ఉండాలి. పైవాడు చెయ్యి వదిలితే క్రిందివాడు తాడును బిగించి లాగుతాడు. లాగగానే బిళ్ళలో తాడు బిగిసి మనిషి ఆగిపోతాడు. మార్గదర్శి తోటివాడు క్రిందికి దిగి, ఆ పని మా బావమరిదికి నేర్పి, ప్రక్కనే నిలబడ్డాడు. "బావా, తాడు నా చేతిలో ఉంది. ఇక నీ ఇష్టం" అని క్రిందినుండి కేక వేశాడు మావాడు. చూడడానికే వచ్చామన్న మా షరతు అక్కడితో ముగిసింది.

అంచున వీపు లోయ వైపు పెట్టి నిలబడడం ఒక క్షణమే. కాని ఆ క్షణం చాలా పొడుగు. వెనుకకు వాలమంటాడు మార్గదర్శి. శరీరం ముందుకు, రాతిని కౌగిలించుకోవడానికి పోతుంది. అలా చేస్తేనే కాళ్ళు జారుతవి. వెనుకకు వాలితేనే పాదాలు రాతిని పట్టుకుంటవి. మేము వాలేముందు మా కొక్కేలను మేమే పేరుపేరునా చెప్పి, తడిమి చూసి, మార్గదర్శిని కూడా చూడమన్నాము. ఈసారి మొహమాటపడలేదు. అతడు నవ్వి ఒక్కొక్కటీ మళ్ళీ తిప్పి చూపించాడు. నాలుగు అడుగులు దిగిన తరువాత భయం పోయి రాయి కనబడడం మొదలుపెట్టింది. గులాబిరంగు రేకలు, పగుళ్ళలో చిన్న గడ్డిపూలు, ఒక బల్లి. పావుగంటలో నేల మీద ఉన్నాము. బావమరిది అరచేతులు తాడు పట్టి ఎర్రబడ్డవి. చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదట.

మా ఆవిడ దిగలేదు. "రెండో కొక్కెం చూడడానికి పైన ఒకరుండాలి" అన్నది.

చింతచెట్టు క్రింద మజ్జిగ త్రాగుతూ మార్గదర్శి మన భువనగిరిని గురించి అడిగాడు. అక్కడి ఏకశిల మీద శిక్షణ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పధ్నాలుగేళ్ళు నిండకుండానే, ఎవరెస్టు ఎక్కిందని అతనికి తెలుసు. తెలంగాణలో తాటిచెట్లెక్కే గీతకార్మికులకు 2024 జూలై నుండి కాటమయ్య పేరిట రక్షణ కవచాలు ఇస్తున్నారని మేము చెప్పాము. వాటిలోనూ నడికట్టు, కొక్కేలు ఉంటవంటే అతడు సంతోషించాడు. వినోదానికి చెట్టంత ఎత్తున వ్రేలాడే మనకే ఇన్ని కట్టుదిట్టాలుంటే, పొట్టకూటికి రోజూ ఎక్కేవారు ఇన్నాళ్ళూ ఒక్క మోకును నమ్ముకున్నారు గదా అనిపించింది.

ఒంటిగంటకు ఇల్లు చేరి పప్పుచారు అన్నం తిన్నాము. ఈ పత్రిక చదివే కుటుంబాలవారు, ముఖ్యంగా పిల్లలున్నవారు, ఒకసారి వెళ్ళిరావాలనే మా మనవి. చలికాలపు ఉదయాలు మంచివి. వానలో తడిసిన రాయి పనికిరాదు. వెళ్ళినప్పుడు హెల్మెట్ బిగువు చూసుకోండి. తాడు ఎక్కడ కట్టారో, రెండో ఆధారం ఏదో అడగండి. విసుక్కునేవాని చేతికి తాడు ఇవ్వకండి. చెంచులవలె బావమరిదిని వెంటబెట్టుకుపోవడం అందరికీ వీలుపడదు. తాడు పట్టేవాడు పరాయివాడైనప్పుడు, మనమో మన ఇంటివారో నోరు తెరిచి అడగక తప్పదు. ఆనాడు మా ఇంట ఆ పని ఒక్కరే చేశారు. ఈసారి వెళితే అందరమూ చేస్తాము.