ఉయ్యాలబల్ల

తెలుగువారి ఇంట మనిషి ఎక్కే తొలి వాహనం ఉయ్యాల. బారసాలనాటి తొట్టెతో మొదలైన ఆ చెలిమి అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు వేలాడే మోకుటుయ్యాలతో ఆకాశాన్ని అందుకొని, వార్ధక్యంలో ఉయ్యాలబల్ల మీద విశ్రాంతి పొందుతుంది. దేవాలయాలలో స్వామికి సైతం డోలోత్సవం జరిపించి, తామెరిగిన సుఖాన్ని ఆయనకూ పంచిపెట్టిన జాతి ఇది. తొట్టె బిడ్డ ఎదగగానే అటక ఎక్కుతుంది. మోకును పండుగ మరునాడే విప్పేస్తారు. ఉయ్యాలబల్ల మాత్రం ఇంటితోపాటు పుట్టి, ఒక్కొక్కప్పుడు ఇంటికంటె ఎక్కువకాలం బతుకుతుంది.

1855లో విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తి అయిన పిమ్మట కాలువల వెంట పంటలు పెరిగాయి. పంటలతోపాటు మండువా లోగిళ్లూ పెరిగాయి. ఆ ఇళ్లలో నాలుగు గొలుసులతో దూలాలకు వేలాడే వెడల్పాటి బల్ల ఒక సింహాసనం వంటిది. పొలం నుంచి వచ్చిన యజమాని కాళ్లు కడుగుకొని ముందుగా కూర్చొనేది దానిమీదనే. మధ్యాహ్నవేళ అదే స్త్రీల సభాస్థలి. పద్దుల పుస్తకం, తమలపాకుల పళ్లెం, చంటిబిడ్డ, పిల్లి - అన్నింటికీ అక్కడ చోటుండేది. పిల్లి మాత్రం బల్ల ఊగనప్పుడే ఎక్కేది.

ఇప్పుడు ఆ లోగిళ్లు ఒక్కటొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. అన్నదమ్ములు స్థలాన్ని గజాల లెక్కన పంచుకోగలరు, పెంకులను అమ్మి సొమ్ము పంచుకోగలరు. బల్లను మాత్రం పంచుకోలేరు. అది ఎవరో ఒకరి వాటాకు వచ్చి, కొత్త ఇంటి గోడకు చేరగిలబడి ఉంటుంది. శ్లాబు వేసేటప్పుడే లోపలి ఇనుప చువ్వలకు కొక్కేలు కట్టి ఉంచితే తప్ప, తరువాత తొలిచి బిగించిన కొక్కెం మీద మనుషుల బరువు మోపడం క్షేమం కాదు. ఇక మిగిలినది పెరటితోట. బల్లను అక్కడికి చేర్చి, దానికొక చట్రం నిలబెడదామన్న ఆలోచన చాలామందికి ఇలాగే కలుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడనే ఉంది. మండువాలో బల్ల బరువును మోసింది దూలం. దూలాన్ని మోసింది గోడ. ఎండ, వాన ఎరుగని నీడలో అది దశాబ్దాలు గడిపింది. తోటలోకి వచ్చిన మరుక్షణం దానికి దూలమూ లేదు, గోడా లేదు, నీడా లేదు. ఇల్లు చేసిన పనులన్నీ ఇప్పుడు ఒక వడ్రంగి నాలుగైదు దుంగలతో చేయవలసి వస్తుంది.

ముందుగా కలప సంగతి. డెల్టాలో సహజంగా పెరిగే చెట్లలో దూలానికి పేరుపడ్డది తాడి. ఆ మానుకు గట్టిదనమంతా వెలుపలి పొరలలో ఉంటుంది, నడుమ మెత్తన. టేకుకు దీనికి విరుద్ధం. నడిమి చేవ గట్టిది. వెలుపలి తెల్లచెక్క చెదలకు విందు. ఈ తేడా తెలియనివాడు తాటిమానును చెక్కి చెక్కి సన్నబరిచి, బలమైన భాగాన్నంతా చెత్తలో పారవేస్తాడు. విజయవాడకు చేరువలోని కొండపల్లిలో బొమ్మలకు ప్రాణం పోసే తెల్లపొణికి తేలికగా చెక్కుడుపడుతుంది కనుకనే బొమ్మకు తగింది. ఉయ్యాలకు అది పనికిరాదు. చట్రానికి నల్లమద్ది, బల్లకు టేకు మంచి జోడి. అయితే నల్లమద్ది ఆరేటప్పుడు మెలితిరిగే స్వభావం కలది, దానిని తొందరపెట్టరాదు. చౌకగా దొరికే పొట్టుచెక్క జోలికి పోకపోవడమే మేలు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచింది. అటువంటి నీటిలో పొట్టును అదిమి చేసిన బల్ల ఉబ్బి విరిగిపోతుంది. మంచి టేకు తడిసినా ఆరి మళ్లీ పనిలోకి వస్తుంది.

తరువాతిది బరువు. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం గల టేకుబల్ల సుమారు ముప్పై కిలోలు తూగుతుంది. ముగ్గురు పెద్దవారు కూర్చుంటే మొత్తం రెండువందల పది కిలోలనుకుందాం. కదలని బల్ల మీద కూర్చున్నప్పుడు గొలుసులు మోసేది అంతే. ఊగేటప్పుడు లెక్క మారుతుంది. నిలువు నుంచి అరవై డిగ్రీల మేర పైకి పోయి వచ్చే ఉయ్యాల అడుగు బిందువును దాటే క్షణంలో గొలుసుల మీద పడే లాగుడు బరువుకు సరిగ్గా రెట్టింపు. అనగా నాలుగువందల ఇరవై కిలోల బరువుతో సమానం. భౌతికశాస్త్రం చదివే విద్యార్థి దీనిని రెండు పంక్తులలో రాబట్టగలడు. పాత వడ్రంగులకు ఆ సూత్రం తెలియదు. అయినా వారి దూలాలు వంగలేదు. అవసరానికి మించిన మందం వాడడమే వారి సూత్రం, అది తక్కువ శాస్త్రమేమీ కాదు.

గొలుసు పొడవులోనూ ఒక రహస్యముంది. పొడవు పెరిగినకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది. పదడుగుల ఎత్తున్న దూలానికి వేలాడిన మండువా బల్ల ఒకసారి పోయి రావడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. ఏడడుగుల తోట చట్రానికి రెండున్నర సెకన్లు చాలు. వినడానికి స్వల్పమైన తేడాయే. కాని తాతగారికి మధ్యాహ్నం నిద్ర పట్టించినది ఆ తేడాయే. పైగా పాత బల్లకు నాలుగు గొలుసులు నాలుగు వేర్వేరు కొక్కేలకు తగిలించి ఉండేవి. ముందు, వెనుక గొలుసులు సమాంతరంగా కదలడం వలన బల్ల ఎంత ఊగినా నేలకు సమంగానే నిలిచేది. పడుకున్నవారు జారిపోయేవారు కారు. ఒకే దూలానికి నాలుగు గొలుసులనూ కూడదీసి కట్టిన నేటి ఉయ్యాల బల్లతోపాటు కూర్చున్నవారినీ వాలుస్తుంది. అందుకే దానికి వీపు ఆనించుకొనే పలక తప్పనిసరి అయింది.

ఇక నేల. డెల్టాలోని బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందులో నేరుగా పాతిన కర్ర మట్టి మట్టానికి సరిగ్గా చీకిపోతుంది, చెదలు కూడా అక్కడి నుంచే ఎక్కుతాయి. అందువలన చట్రానికి ఇరుపక్కలా కాళ్లను విచ్చిన కత్తెరలాగా వాల్చి, అడుగున వాటిని అడ్డకర్రతో కలిపి, రాతిపలకల మీద నిలపడం మంచిది. ఏడడుగుల ఎత్తుకు కాళ్ల నడుమ అయిదారడుగుల ఎడం లేకుంటే, పిల్లలు గట్టిగా ఊగినప్పుడు చట్రమే లేచి అడుగు వేస్తుంది. ఏడాదికొకసారి రాళ్ల కింది మట్టిని సవరించవలసిందే.

పాత బల్లనే వాడదలచినవారు చట్రం మీద చిన్న పెంకుల పందిరి వేయడం అవసరం. నీడలో ముదిరిన చెక్క వైశాఖపు ఎండకు ఒక్క ఏడాదిలో చీలుతుంది. పందిరికి అయ్యే ఖర్చు భరించలేనివారు బల్లను వరండాలోనే ఉంచి, తోటకు కొత్త చెక్క కొనడం మంచిది.

పని ముగిసిన సాయంకాలమే పిల్లలు ఎక్కడానికి పోటీపడతారు. ఆ రాత్రికి వారిని ఆపి, బల్ల మీద బియ్యం బస్తాలు పేర్చి తెల్లవారేదాకా ఉంచాలి. ఉదయం బస్తాలు దించాక కొక్కేల చుట్టూ చెక్కలో పగులు గీత కనిపించకపోతే చాలు. ఆ తరువాత ఏటా వానలు వెనుదిరిగిన పిమ్మట బోల్టులు బిగించి, కొక్కేలు అరిగిన చోట వేలితో తడిమి చూడాలి. పూర్వం ఇనుము మీద ఇనుము రాసుకొని బల్ల కిర్రుమనేది. ఆ చప్పుడు హెచ్చగానే ఇంటి పెద్ద కొక్కేనికి కందెన పూయించేవాడు. నేడు వాడే బేరింగుల కొక్కేలు అంతగా చప్పుడు చేయవు.