మందుకు లొంగని జ్వరమేనా?

మా ఇబ్రహీంపట్నంలో జ్వరంతోపాటు కడుపునొప్పి అనగానే టైఫాయిడో, అపెండిక్సో గుర్తుకు రావడం సహజం. అయితే పదేపదే వచ్చి, రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గిపోయే జ్వరం ఎప్పుడైనా ఫెమీలియల్ మెడిటరేనియన్ ఫీవర్ కావచ్చు. ఇది వంశపారంపర్య వ్యాధి. తుర్కులు, ఆర్మీనియన్లు, యూదులు, అరబ్బులలో ఎక్కువ, మనలో బహు అరుదు.

దీని తీవ్రతకు నొప్పి ఒక్కటే కొలమానం కాదు. జ్వరం లేని రోజుల్లో కూడా రక్తంలో సీఆర్‌పీ హెచ్చుగా ఉందా, మూత్రంలో ప్రోటీన్ పోతోందా అన్నవి అంతకన్న ముఖ్యం. మూత్రపిండాలలో అమిలాయిడ్ అనే పదార్థం చడీచప్పుడు లేకుండా పేరుకుంటుంది. నొప్పి స్వల్పంగా ఉన్నవారికీ ఆ ముప్పు తప్పదు.

1972 నుంచి దీనికి మందు కోల్చిసిన్. (మన కంచెల మీద పూసే అగ్నిశిఖలోనూ అదే ఉంది, కానీ ఆ దుంప ప్రాణాంతక విషం, నోట పెట్టరాదు.) తట్టుకోగలిగిన గరిష్ఠ మోతాదును ఆరు నెలలు రోజూ వాడినా నెలకొకసారైనా జ్వరం తిరగబెడితేనే వ్యాధి మందుకు లొంగలేదనాలని 2016 నాటి ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి. జ్వరం వచ్చిన రోజే మాత్ర మింగేవారికి, విరేచనాలకు జడిసి మోతాదు సగానికి తగ్గించుకున్నవారికి ఆ మాట వర్తించదు. అనాకిన్రా, కానాకినుమాబ్ వంటి ఖరీదైన ఇంజెక్షన్ల ప్రస్తావన ఆ తరువాతిదే. నిమ్స్‌లో రుమటాలజీ వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు జ్వరం వచ్చిన తేదీల చీటీతోపాటు ఖాళీ మాత్రల అట్టలూ తీసుకువెళ్లండి.