అడక్కుండా ఇచ్చేవి

నిజామాబాదులో నిర్మల్ బస్సెక్కి ఆర్మూరు దాటి, పెర్కిట్ దగ్గర పెద్ద రోడ్డుకు తగులుకుంటే అక్కణ్ణించి దారి ఉత్తరానికి సాగిపోతుంది. ఇది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా దేశాన్ని నిలువునా కలిపే 44వ నంబరు జాతీయ రహదారి. పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డనే అంటారు. అటూ ఇటూ పసుపు చేలు, మక్క చేలు, రుతువును బట్టి ఎర్రజొన్న. ఆర్మూరుకు ముందే అంకాపూరు వచ్చినప్పుడు బస్సులో సగంమంది ముక్కుపుటాలు ఎగరేస్తారు. అక్కడి నాటుకోడి కూర అంత పేరు మోసింది మరి! ఆ వాసన వదిలి మరికాస్త దూరం పోతే బాల్కొండ. గుట్ట, పాత కోట శిథిలాలు, రోడ్డు పక్కన హోటళ్ళు, ఇళ్ళ అరుగుల మీద చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. చూసేవారికి మామూలు తెలంగాణా ఊరే.

కాని ఈ ఊరికి ప్రయాణం సంగతి తెలిసినట్టు చాలా పట్నాలకు తెలియదు. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలైనప్పటినుంచి బాల్కొండ, ఆర్మూరు, భీమ్‌గల్ చుట్టుపట్ల ఊళ్ళవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీ దారి పట్టారు. మొదట్లో అందరికీ బొంబాయే గుమ్మం. అక్కణ్ణించి గల్ఫ్ రేవులకు బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు 1982 దాకా నడిచాయి. డెక్కు మీద చాప పరుచుకుని పోయేవాళ్ళు పోయేవారు. తక్కినవాళ్ళు విమానం ఎక్కేవారు. ఇప్పుడు శంషాబాదు ఉంది. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం తెరిచాక, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ప్రయాణంతో బాల్కొండవాడు గాలిలోకి లేస్తున్నాడు. బొంబాయిలో ఏజెంటు గదిలో పదిహేను రోజులు పడిగాపులు పడే బాధ తప్పింది.

విమానం ఎక్కడమంటే ఒకప్పుడు ఒక మర్యాద ఉండేది. మెట్లెక్కి కూర్చోగానే ఒక అమ్మాయి పళ్ళెం పట్టుకుని వచ్చేది. అందులో చాక్లెట్లు, పిప్పరమెంట్లు, చిన్న దూది ఉండలు. దూది చెవుల్లోకి. పిప్పరమెంటు వట్టి తీపికోసం కాదు. విమానం పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలి ఒత్తిడి మారి చెవులు గడెలు పడతాయి. ఏదైనా చప్పరిస్తూ గుటక వేస్తూంటే గొంతుకూ చెవికీ మధ్య ఉన్న సన్నని నాళం తెరుచుకుని బాధ తగ్గుతుంది. ఇంత వైద్యం ప్రయాణికుడికి తెలియక్కర్లేదు. పళ్ళెం వచ్చేది, తీసుకునేవాడు, అంతే. రెండు తీసుకుని ఒకటి జేబులో వేసుకున్నా ఎవరూ ఏమీ అనేవారు కారు. ఆ రెండోది ఇంట్లో పిల్లవాడికి.

బాల్కొండ బస్టాండు దగ్గర టీ తాగుతూ ఒక పెద్దాయనతో మాట కలిపాను. ఇరవై రెండేళ్ళు దుబాయిలో తాపీపని చేసి వచ్చి, ఇప్పుడు రెండెకరాల పసుపు పండించుకుంటున్నాడు.

"ఫస్టుపాలి పోయినప్పుడు అన్నం పెట్టిన్రు సార్. గా రొట్టె, గా కూర నాకు నచ్చలే. అయినా తిన్న. చెంచ ఎట్ల పట్టాల్నో ఎరుక లేకుండె, పక్కనాయన చూపిచ్చిండు. మొన్న మా చిన్నోణ్ణి తోలిచ్చిన. నాలుగు గంటలు ఉపాసముండి దిగిండు."

"అమ్ముతారు కదా, కొనుక్కోలేదా?"

"బండి తోసుకుంట వచ్చిందట పోరి. వీడు పెడ్తదేమో అని కూసున్నడు. పైసలియ్యాలంటే, జేబుల ఉన్నయి మన రూపాయలు, తీసుకుంటరో లేదో ఎరుక లేదు. అడగనీకి సిగ్గాయె. పొద్దుగాల వాళ్ళమ్మ కట్టిచ్చిన రొట్టెలు పెద్ద సంచిల ఉన్నయి. సంచేమో విమానం కడుపులకు పాయె."

ఆ కంపెనీ పేరు మనకు అక్కర్లేదు. ఒక్క కంపెనీ సంగతి కాదిది. 2003లో ఎయిర్ డెక్కన్ మన దేశంలో చవక టికెట్ల విమానాలు మొదలుపెట్టినప్పుడు భోజనాలు తీసేసింది. దాని లెక్క దానికుంది: ఆకలి లేనివాడు పక్కవాడి భోజనానికి ఎందుకు డబ్బివ్వాలి? టికెట్టు చవకైతే రైలెక్కేవాడు కూడా విమానం ఎక్కుతాడు. నిజంగానే ఎక్కాడు. ఆ లెక్కను నేను తప్పు పట్టను. నాలుగు గంటల ఉపవాసం కంటే నాలుగు వేల రూపాయలు మిగలడం ఏ ఇంటికైనా మేలే. గల్ఫ్ దారిలో మనవాళ్ళు ఎక్కువగా ఎక్కే ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ కూడా ఉచితంగా ఇచ్చే చిరుతిండి డబ్బాను 2023లో మానేసి, ముందుగా డబ్బు కట్టి తెప్పించుకునే పద్ధతి పెట్టింది. కాకపోతే టికెట్టు ఏజెంటు కొంటాడు. భోజనం కావాలా అని కంప్యూటరు అడిగే ప్రశ్న ఏజెంటు చూస్తాడు. తినవలసినవాడు చూడడు.

తిండి సంగతి ఒకపూటది. సామాను సంగతి అలా కాదు. దుబాయి నుంచి వచ్చేవాడి పెట్టెలో ఏముంటుందో ఈ వైపు ఊళ్ళల్లో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు: మెత్తటి దుప్పటి, నీడో పాలపొడి డబ్బా, టాంగ్ పొడి, ఖర్జూరాలు, తలనొప్పి తైలం సీసాలు డజను, సబ్బులు, సెంటు. రెండేళ్ళకోసారి వచ్చే మనిషి వెనకాల మేనత్తలూ, చిన్నమ్మలూ, ఇంటి పక్కవాళ్ళూ ఉంటారు. ఒక్కొక్కరికీ ఒక్క సబ్బయినా చేతిలో పెట్టకపోతే వచ్చినట్టు కాదు. 2024 ఆగస్టులో అదే సంస్థ ఎమిరేట్స్ నుంచి వచ్చే ప్రయాణికులకు ఉచిత సామాను 30 కిలోల నుంచి 20 కిలోలకు తగ్గించింది. గల్ఫ్‌లో మనవాళ్ళు, ముఖ్యంగా కేరళవాళ్ళు, గోల పెట్టారు. 2025 మొదట్లో మళ్ళీ 30 కిలోలని ప్రకటన వచ్చింది. పది కిలోలంటే కాగితం మీద ఒక అంకె. బాల్కొండలో అది నలుగురు మేనత్తలు.

ఇలా చిన్నవాటికి కత్తెర వేయడం మన దగ్గర పుట్టిన విద్య కాదు. 1980ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్, ప్రయాణికులకు పెట్టే పచ్చికూరల పళ్ళెంలో ఒక్కొక్క ఆలివ్ కాయ తీసేయించి ఏడాదికి 40,000 డాలర్లు మిగిల్చాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఒక్క కాయ తగ్గితే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. అదే అందులోని తెలివి. విహారానికి సముద్రం మీద తిప్పే పెద్ద ఓడలదీ ఇదే దారి. అందులో ఎక్కితే తిండి, పడక, ఆటపాట అన్నీ టికెట్లోనే అని చెప్పి వెనకటికి జనాన్ని పిలిచేవారు. రాత్రి వేళ గది సర్ది, తలగడ మీద చిన్న చాక్లెట్టు పెట్టి పోవడం వాళ్ళ ఆచారం. 2015లో నార్వీజియన్ కంపెనీ, 2017లో రాయల్ కరీబియన్ కంపెనీ గదికి తెప్పించుకునే తిండికి, పొద్దుటి ఉపాహారం మినహా, 7.95 డాలర్ల చొప్పున వడ్డన మొదలుపెట్టాయి. 2023లో నార్వీజియన్ ఓడల్లో చాలా గదులకు రోజూ రెండుసార్లు సర్దే పని ఒక్కసారికి తగ్గింది. ఏడంతస్తుల మేడలాంటి ఓడ, లోపల ఈతకొలనులు, నాటకశాలలు! అంత వైభవం మధ్య తలగడ మీద చాక్లెట్టు లేదని జనం చిన్నబుచ్చుకుంటే నవ్వొస్తుంది. కాని పెళ్ళిలో పదహారు రకాలు వడ్డించి చివర తాంబూలం ఇవ్వకపోతే మన ఆడవాళ్ళు ఏమంటారో గుర్తు చేసుకుంటే నవ్వు ఆగుతుంది.

మన రైళ్ళకు వద్దాం. మనుమాడు లైనులో మీటరు గేజి బళ్ళు నడిచే రోజుల్లో వేసవిలో స్టేషనుకొక నీళ్ళ మనిషి ఉండేవాడు. బకెట్టు, గరిటె పట్టుకుని పెట్టె పెట్టె దగ్గరికీ వచ్చి కిటికీలోంచి పోసేవాడు. హిందువుల నీళ్ళు వేరు, ముస్లిముల నీళ్ళు వేరు అని అరిచే పాడుకాలం కూడా అందులో ఉంది. దాన్ని తలుచుకుని ఎవరూ బాధపడనక్కర్లేదు. ఆ మనిషి పోయాడు, సీసా వచ్చింది. శతాబ్ది బళ్ళలో మనిషికి లీటరు సీసా ఇచ్చేవారు. 2019లో దాన్ని అర లీటరు చేశారు. 2024లో వందే భారత్ బళ్ళకూ అదే పద్ధతి వచ్చింది. సగం తాగి వదిలేసే నీళ్ళు వృథా కాకూడదని రైల్వేవారి మాట. అది అబద్ధం కాదు, బండి దిగేటప్పుడు సీట్ల కింద దొర్లే సీసాలు చూసినవాడెవడూ కాదనలేడు. పైగా ఇంకో అర లీటరు కావాలంటే ఉచితంగానే ఇస్తారు. అడగాలి, అంతే.

ఆ 'అడగాలి' దగ్గరే నాకు పేచీ. రైల్లో రోజూ తిరిగే ఆఫీసరు అడుగుతాడు. రెండు కాదు మూడు తెప్పించుకుంటాడు. మొదటిసారి ఎక్కిన బాల్కొండ ముసలమ్మ అడగదు. అడగవచ్చని ఆమెకు తెలియదు. తెలిసినా, ఇచ్చినదాంతో సరిపెట్టుకోవడం ఆమెకు పుట్టినప్పటినుంచీ నేర్పిన మర్యాద. ఇంతకీ ఈ ఊరికి దగ్గర్లోనే పోచంపాడు దగ్గర గోదావరిని ఆపి శ్రీరాంసాగర్ ఆనకట్ట కట్టారు. 1963 జూలై 26న నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసిపోయాడు. అంత జలనిధి పక్కన పుట్టి పెరిగిన మనిషి, బండిలో చేతిలో సీసా ఖాళీ అయితే పెదవులు తడుపుకుని ఊరుకుంటుంది.

పెద్ద రాయితీల సంగతి వేరు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే నేటి మన ఆర్టీసీకి మూలపురుషుడు. దాని బస్సులో 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణా ఆడవాళ్ళు పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్సుల్లో డబ్బివ్వకుండా తిరుగుతున్నారు. ఆధారు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొడతాడు. బీడీ కంపెనీకి కట్టలు అప్పజెప్పి వచ్చే ఆడమనిషికి అది నెలకు మిగిలే సొమ్ము. పిప్పరమెంటుతో పోల్చే వస్తువు కాదు. అదే ఆర్టీసీ, అదే 2023లో, హైదరాబాదు – విజయవాడ మధ్య తిరిగే ఈ-గరుడ బస్సుల్లో చిరుతిండి డబ్బా ఇవ్వడం మొదలుపెట్టి, టికెట్టులో 30 రూపాయలు కలిపింది. ఉచితం కాదు. కలిపామని చెప్పి మరీ కలిపారు గనక అందులో మోసమూ లేదు. డబ్బా మాత్రం అందరి చేతికీ వచ్చింది, అడిగినా అడక్కపోయినా.

ఒక్కొక్కప్పుడు చిన్న వస్తువు మీద చెయ్యి వేసి కంపెనీలే చురుక్కుమని వెనక్కి తీసుకోవడమూ ఉంది. బాల్కొండ, బోధన్, నిజామాబాదుల నుంచి మక్కాకు వెళ్ళివచ్చే ముస్లిములకు జమ్‌జమ్ నీళ్ళ డబ్బా ఎంత పవిత్రమో చెప్పనక్కర్లేదు. మనకు కాశీ గంగచెంబు ఎటువంటిదో అదీ అటువంటిదే. ఆ నీళ్ళు తెచ్చుకోవడానికి మామూలు సామాను లెక్కకు పైన వెసులుబాటు ఇచ్చేవారు. 2019 జూలైలో ఎయిరిండియా, పెద్ద విమానాల బదులు చిన్నవి నడుపుతున్నామని చెప్పి, జెద్దా నుంచి హైదరాబాదు మీదుగా ముంబయికి వచ్చే సర్వీసులోనూ, కొచ్చి సర్వీసులోనూ జమ్‌జమ్ డబ్బాలు వద్దన్నది. నాలుగైదు రోజుల్లోనే క్షమాపణ చెప్పి ఆ మాట వెనక్కి తీసుకుంది. ఎత్తిచూస్తే అయిదు లీటర్ల నీళ్ళు. ఆ అయిదు లీటర్లలోంచి బాల్కొండలో ఎన్ని ఇళ్ళకు చిన్న గ్లాసులు పోతాయో విమానం లెక్కలు కట్టేవారికి ఎలా తెలుస్తుంది?

నేను వెళ్ళిన నాటికి ఎండలు ముదిరాయి. పెద్ద రోడ్డు పక్కన తాటాకు పందిరి, ఇసక మీద నాలుగు కొత్త కుండలు, కుండలకు తడిగుడ్డ, పొడుగు కాడ గరిటె. లారీ ఆపి డ్రైవరు దిగాడు. హర్యానా బండి. దోసిలి పట్టాడు, ముసలాయన పోశాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నీళ్ళు చాలని దోసిలి ఎత్తేదాకా పోయడమే ఇక్కడి కొలత.

ఆ సాయంత్రం ఊళ్ళో కిరాణా దుకాణం ముందు ఒక ప్రయాణపు సందడి చూశాను. తెల్లవారుజామున శంషాబాదులో విమానం. తరాజుకు సామాను సంచి తగిలించారు. ముల్లు ఇరవై మూడు దగ్గర ఆగింది. ఇరవైకి మించగూడదట.

"ఏమ్ తీస్తవు తియ్యి," అన్నాడు తండ్రి.

తల్లి సంచి విప్పింది. జొన్నపిండి మూట తీసి పక్కన పెట్టింది. తూచారు. ఇంకా కిలో ఉంది. మామిడి తొక్కు సీసా చేతిలోకి తీసుకుని, మళ్ళీ లోపల పెట్టేసింది. సకినాల డబ్బా జోలికి పోనేలేదు. చివరికి కుర్రవాడే తన బూట్లు బయటికి లాగి, కాళ్ళకు తొడుక్కున్నాడు.

"గిట్ల తొడుక్కుంటే తూకంల రావు కదనే అమ్మా!"

దుకాణంవాడు గల్లా పక్క సీసాలోంచి నాలుగు పిప్పరమెంటు బిళ్ళలు తీసి కుర్రవాడి చొక్కా జేబులో వేశాడు. తూకానికి డబ్బులు తీసుకోలేదు.