హీరోకు కారు లేదు

"మా హీరోకు కారు లేదన్నా, టీవీఎస్ ఫిఫ్టీ ఉండాది. తప్పు ఆడే జరిగిందేమో."

ఈ మాట అన్నది పుంగనూరు తమ్ముడొకడు. పగలు మండీలో లెక్కలు రాస్తాడు, రాత్రి ఫోన్‌లో నవల రాస్తాడు. బోర్లు ఎండిపోయిన ఊళ్లో చివరి ఎకరా కోసం అన్నదమ్ముల మధ్య నడిచే పంచాయితీ అతని కథ. ఏదో యాప్‌లో భాగాలు భాగాలుగా పెడుతున్నాడు. చదివేవాళ్లు కొద్దిమంది, వాళ్లలో సగం మంది చుట్టాలే. ఆ పక్కనే ఇంకో కథ ఉంది. కోటీశ్వరుడైన కుర్ర సీఈఓ, ఏడాది ఒప్పందం మీద అతన్ని పెళ్లాడిన పేదింటి అమ్మాయి, మూడో భాగంలో వాన, ఐదో భాగంలో అపార్థం. దానికి లక్షల్లో పాఠకులు.

తమ్ముడు తట్టుకోలేక తానూ అలాంటిది ఒకటి మొదలుపెట్టాడు. జూబ్లీహిల్స్‌లో అద్దాల మేడ కట్టించి, అందులో హీరోను కూర్చోబెట్టాడు. "రెండో ఎపిసోడు దాటినాక ఆ సీఈఓ మా మండీ ఓనరు మాదిరే మాట్లాడబట్టెనన్నా. అకౌంటెంటును పిలిచి, నిన్న దిగిన సరుక్కి తరుగు ఎంత పట్టినావని అడిగినాడు."

నాకు మాత్రం ఆ సీఈఓ భలే నచ్చాడు. ఇన్ని వందల మంది సీఈఓల్లో తూకంలో కోసే తరుగు గురించి అడిగినవాడు ఇంకొకడు లేడు. తమ్ముడు దాన్ని ఓటమి అనుకుని ఆ కథ తీసేశాడు.

ట్రెండ్ కథలంటే మూతి విరిచే పెద్దమనుషులున్నారు. నేను ఆ జట్టులో లేను. రోజుకో భాగం రాసి, దాన్ని సరిగ్గా పాఠకుడు గోళ్లు కొరుక్కునే చోట ఆపి, వంద భాగాల దాకా జనాన్ని వదలకుండా పట్టుకోవడం తేలికైన పని కాదు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికలు వచ్చాక, ఏ పత్రికాఫీసు మెట్లూ ఎక్కని వేలమంది తెలుగులో రాస్తున్నారు. ఇంటిపని ముగించుకుని, పిల్లలు పడుకున్నాక రాసే ఆడవాళ్లు వాళ్లలో ఎందరో. రాతతో నాలుగు డబ్బులు వస్తున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను చూసి నవ్వేవాడికి సీరియల్ నవల చరిత్ర తెలియదనే అర్థం.

ఆ కోటీశ్వరుడు మనకు కొత్తవాడేం కాదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' రాసింది 1960లలో. అందులో రాజశేఖరం ఉన్నాడు, అతని ఆఫీసు ఉంది, ఆత్మాభిమానం గల జయంతి ఉంది. తర్వాత పదేళ్లకు పైగా తెలుగు నవలలో ఎంతమంది పొడుగాటి, పొగరుబోతు, మనసున్న కారు హీరోలు తిరిగారో లెక్కలేదు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వచ్చింది. వెంటనే ఊరూరా నవలా రచయితలు చేతబడి బొమ్మలు, పుర్రెలు, శ్మశానాలు పట్టుకున్నారు. ఆ తోవన వెళ్లినవాళ్లలో ఇవాళ ఎంతమంది పేర్లు మనకు గుర్తున్నాయి? యద్దనపూడి గుర్తుంది, యండమూరి గుర్తున్నాడు. గమనించాల్సింది ఏమంటే, ఆ ఇద్దరూ వేరేవాళ్ల ట్రెండు వెనక పడి రాసినవాళ్లు కారు. తమకు పట్టు ఉన్న చోట నిలబడి రాశారు. ఆవిడకు మధ్యతరగతి ఆడపిల్ల కలలు తెలుసు. చార్టర్డ్ అకౌంటెంటు అయిన ఆయనకు ఉత్కంఠను పైసాతో సహా లెక్కకట్టడం తెలుసు.

ట్రెండు వెనక పడితే ఏమవుతుందో మదనపల్లె టమోటా మార్కెట్టు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2023 జులైలో అక్కడ మొదటి రకం కాయ కిలో రెండు వందల దగ్గరికి పోయింది. టమోటాతో కోటీశ్వరులైన రైతుల గురించి పేపర్లు రాశాయి. ఆ వార్త చదివి నారు నాటినవాడికి తొలి కోత చేతికొచ్చేది రెండు నెలల పైమాటే. అప్పటికి అదే వార్త చదివిన మిగతా వాళ్ల కాయ కూడా మార్కెట్టుకొచ్చింది, ధర నేలకు దిగింది. నాటిన రోజు ధర ఎవడికీ పనికి రాదు, కోసిన రోజు ధరే ధర. నవలకు రెండు నెలలు కూడా చాలవు. ఇవాళ పైన ఉన్న కథను చూసి మొదలుపెడితే, నువ్వు ముగించేసరికి ఆ సీఈఓలందరూ మాఫియా డాన్లయి ఉంటారు, డాన్లు పునర్జన్మ ఎత్తి ఉంటారు.

పెద్దపెద్దవాళ్లకే ఈ ఆట అచ్చిరాలేదు. 1843లో డికెన్స్ 'మార్టిన్ చజిల్‌విట్' నెలనెలా భాగాలుగా రాస్తుంటే అమ్మకాలు తగ్గాయి. కంగారుపడి హీరోను ఉన్నపళాన అమెరికా ఓడెక్కించాడు. ఇంత చేస్తే పెరిగింది కొద్ది వేల ప్రతులు. అదే ఏడాది చివర్లో, ఆ నవల నడుస్తుండగానే, మనసులో పడ్డ ఒక దయ్యాల కథను ఆరు వారాల్లో రాసి పడేశాడు. అది 'క్రిస్మస్ కరోల్'. తొలి ముద్రణ పండక్కి ముందే అయిపోయింది.

మన జిల్లాలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాదు వైపు డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశాడు. వారపత్రికలన్నీ ఉత్కంఠ సీరియళ్ల మీద నడుస్తున్న 1980లలో ఆయన 'అతడు అడవిని జయించాడు' రాశాడు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ రాత్రిపూట అడవిలోకి వెళ్లిన ఒక ముసలాయన కథ అది. అందులో ప్రేమ లేదు, పెళ్లి లేదు, మేడ లేదు. ఆ రోజుల్లో మార్కెట్టును అడిగి ఉంటే పందుల కాపరి నవల వద్దనే చెప్పేది. కానీ ఒకసారి పుస్తకం తెరిచినవాడు ముసలాయన్ను అడవిలో వదిలి నిద్రపోలేడు. అక్కడా ఉత్కంఠే ఉంది, అయితే అది కేశవరెడ్డి సొంత ఉత్కంఠ. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు యాసను నెత్తిన పెట్టుకుని 'సినబ్బ కథలు' రాసినప్పుడూ అంతే. 1969లో నవీన్ ఒక విద్యార్థి బుర్రలో ఒక్కరోజు నడిచే ఆలోచనలన్నిటినీ నవలగా వేశాడు. ఆ 'అంపశయ్య' చివరికి ఆయన ఇంటిపేరై కూర్చుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. ఎవరూ చదవడం లేదు గనక నాది గొప్ప నవల అని ఎవరైనా అనుకుంటే, అది ఇంకో రకం భ్రమ. చదవని నవలల్లో చాలావాటిని చదవకపోవడానికి కారణం ట్రెండు కాదు, విసుగు. మొదటి భాగంలోనే ఊరి చరిత్ర, వంశవృక్షం, వేపచెట్టు వర్ణన పెడితే ఫోన్ పట్టుకున్నవాడి బొటనవేలు ఆగదు. పుంగనూరు తమ్ముడి కథలోనూ చివరి ఎకరా గొడవ నాలుగో భాగం దాకా రాలేదు. అతనికి నేను పెట్టిన తిట్లు అన్నీ దానికే, టీవీఎస్ ఫిఫ్టీకి కాదు.  

భాగాలుగా కథ నడపడం నేర్చుకోవాలంటే యాప్‌కే పోనక్కర్లేదు. ఎండాకాలంలో మన చిత్తూరు పడమటి మండలాల్లో ధర్మరాజుల గుడి దగ్గరికి పోతే చాలు. మహాభారత ఉత్సవాలు పెట్టారంటే పద్దెనిమిది రోజులు ఊరికి నిద్ర ఉండదు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఒకరోజు బకాసురుడికి బండెడు అన్నం పోతుంది. ఒకరోజు ద్రౌపది కల్యాణం. ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కి, మెట్టు మెట్టుకూ పద్యం పాడుతుంటే, పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. చివరి రోజు మైదానంలో వెల్లకిలా పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి తొడ మీద భీముడి గద పడుతుంది, సాయంత్రం అగ్నిగుండం. రోజుకో ఎపిసోడు, ప్రతి ఎపిసోడుకూ జాతరంత జనం.

ఆ జనంలో దుర్యోధనుడు చస్తాడని తెలియనివాడు ఒక్కడూ లేడు. తర్వాత ఏం జరుగుతుందో పసిబిడ్డలకు కూడా తెలుసు. మరి ఎందుకొస్తారు? ఈ ఏడు అర్జునుడి వేషం ఎవరిది, మాను మీద గొంతు ఎట్లా పలుకుతుంది, భాగవతారు ద్రౌపది ఏడుపును ఏ రాగంలో ఎత్తుకుంటాడు, నాటకంలో హాస్యగాడు కౌరవసభ మధ్యలోకి మన చెరువు తూము సంగతి ఎట్లా లాక్కొస్తాడు, వీటి కోసం వస్తారు. 'తర్వాత ఏమైంది' అనే ఆత్రం ఒకసారికే పనికొస్తుంది. 'ఈయన ఎట్లా చెబుతాడో' అనే ఆత్రం పద్దెనిమిది రోజులు నిలుస్తుంది, మళ్లీ ఏడాదికీ నిలుస్తుంది. ట్రెండును అందుకోలేని రచయితకు దొరికే ఆత్రం ఈ రెండోదే. భాగాన్ని మలుపులో ఆపడం యాప్ రచయితల దగ్గర నేర్చుకో, సిగ్గేం లేదు. గొంతు మాత్రం అరువు తెచ్చుకోవద్దు.

ఇక సరుకు సంగతి. తెల్లవారకముందే కుప్పం స్టేషన్‌కు పోయి చూడండి. బెంగళూరులో కూలికి, కాపలాకు, ఆఫీసులకు పోయేవాళ్లు టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉంటారు. రాత్రికి మళ్లీ ఇంటికి వస్తారు. ఒక్క పెట్టెలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో వినబడతాయి. ఆ ఊళ్లో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారంటే ఊరికే పెట్టలేదు. భార్యాభర్తలు మేలుకుని ఉండగా ఒకరినొకరు చూసుకునేది ఆదివారమే అయిన ఇళ్లు ఉంటాయి ఆ రైలు వెనక. రైల్లో సీటు పట్టిపెట్టే స్నేహాలు, చీటీపాటలు, అలకలు, ప్రేమలు ఉంటాయి. రోజుకో భాగం రాయడానికి రోజూ నడిచే రైలు కన్నా మంచి చట్రం ఏముంది? సీఈఓ కథ రాయాలని అంతగా ఉంటే, ఆయన ఆఫీసు గేటు దగ్గర నిలబడే కుప్పం సెక్యూరిటీ మనిషి వైపు నుంచి రాయొచ్చు. ఒప్పందం పెళ్లి చేసుకున్నావిడ కారు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఏడుస్తూ పోయిందా నవ్వుతూ పోయిందా, అతని రిజిస్టరులో ఉంటుంది.

సరుకు ఇంకా ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ శానిటోరియం ఉంది. 1915 నుంచి ఎక్కడెక్కడి క్షయరోగులో నెలల తరబడి అక్కడ మంచాల మీద గాలి పీల్చుకుంటూ గడిపారు. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టింది మదనపల్లెలోనే. జర్మన్ రచయిత థామస్ మాన్ ఇలాంటి శానిటోరియం మీద ఒక చిన్న కథ అనుకుని మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి 1924లో రెండు సంపుటాల 'మేజిక్ మౌంటెన్'గా బయటపడింది. ఈ మధ్యలో ఒక ప్రపంచయుద్ధమే వచ్చిపోయింది, ట్రెండ్ల సంగతి చెప్పాలా? మన ఆరోగ్యవరానికి మాత్రం అంతటి నవల నా ఎరుకలో లేదు.

రాసేవాళ్లకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. నవల మొత్తం కాకపోయినా సగమైనా ముగించాకే మొదటి భాగం బయట పెట్టండి. రోజూ లెక్క చూసుకుంటూ రాస్తే, నిన్న వ్యాఖ్య పెట్టిన నలుగురి కోసం రేపటి భాగం మారిపోతుంది. చదివిన వారి సంఖ్యను వారానికోసారి చూస్తే చాలు. ఇల్లు గడవడానికి ట్రెండ్ కథ రాయాల్సి వస్తే రాయండి, అదీ కష్టమే, దాని కూలి దానికి దక్కాలి. దాని కోసం సొంత కథను చెరిపెయ్యొద్దు. పుంగనూరు తమ్ముడు కూడా తరుగు అడిగిన ఆ సీఈఓను వెనక్కి తెచ్చి, పేరు మార్చి, మండీలోనే కూర్చోబెట్టాలని నా కోరిక.

మిగతా పని పాఠకులది. మీరు రోజూ తెరిచే యాప్‌లో జనం లేని కథలు వందలున్నాయి. ఈ వారం అందులో ఒకటి తెరవండి, మూడు భాగాలు ఓపిక పట్టండి. బాగుంటే చివరిదాకా చదివి, ఎందుకు బాగుందో కింద రెండు వాక్యాలు రాయండి. బాగాలేకపోతే అదీ రాయండి.